సభకు వెళ్ళిన తుంగ

ఒక రాజ్యంలో ఒక మంచినీటి సరస్సు ఉండేది. దానికి అంచు లేదు.

పుట్టుకతో లేదని కాదు. వెనకటి రోజుల్లో ఉండేది. నీళ్ళు ఎక్కడ ఆగాయో, నేల ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేనంత వెడల్పున, తుంగా జమ్మూ కలిసి సరస్సు చుట్టూ బురదలో నిలబడి ఉండేవి. ఆ మేర నీళ్ళూ కాదు, నేలా కాదు. పశువులు అందులోకి సగం దాకా వెళ్ళి, ఏమనుకునేవో, వెనక్కి తిరిగి వచ్చేవి.

ఒడ్డున ఉన్న ఊరివాళ్ళు శుభ్రమైన మనుషులు. తమ వాకిట్లో చెత్తను పక్కింటి వాకిట్లోకి ఊడ్చేంత శుభ్రం వాళ్ళది. వాళ్ళకు ఆ గడ్డి నచ్చలేదు. ఒక వేసవిలో ఊరంతా పలుగూ పారా పట్టుకుని దిగి, సరస్సు చుట్టూ ఉన్నదంతా వేళ్ళతో సహా తవ్వి పారేశారు. పని ముగిసిన రోజు ఊరిపెద్ద ఒడ్డున నిలబడి, సరస్సు ఇప్పుడు నున్నగా గీసిన గడ్డంలా ఉందన్నాడు. మంగలి ఒక్కడే మెచ్చుకోలుగా తల ఊపాడు.

మరుసటి వానాకాలం అలలు వచ్చి ఒక పొలాన్ని తినేశాయి. అది ఊరిపెద్దది. ఎవరూ నవ్వలేదు, ఆయన ఎదురుగా. ఆ పై ఏడాది నీళ్ళు పచ్చగా చిక్కబడి, ఉడికిన ఆకుకూర వాసన కొట్టాయి. తర్వాత చేపలు పోయాయి. కొర్రమీను తుంగ మొదళ్ళలోనే గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఇల్లు లేని చోట కాపురం పెట్టమంటే పెట్టదు. ఆ సంగతిలో దానికి మొహమాటం లేదు. చేపల వెనక పక్షులు పోయాయి. పక్షుల వెనక, జాలరిపేటలో తలుపులకు తాళాలు పడటం మొదలైంది.

రాజు మంచివాడు. ఆ మాట ఆయనే చెప్పేవాడు, ఎవరూ కాదనలేదు. సరస్సుకు అంచు తిరిగి తెచ్చేవాళ్ళకు తన కొట్లలోంచి గింజలు ఇస్తానని ఆయన చాటింపు వేయించాడు. ముందుగా ఒక కవి వచ్చి సరస్సు మీద ఎనిమిది పద్యాలు చదివి శాలువా తీసుకున్నాడు. సరస్సు సభలో లేదు కనక దాని అభిప్రాయం తెలియలేదు.

ఆ తర్వాత బురదావిడ వచ్చింది.

ఆమెకు ఆ పేరు ఊరు పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆమె మోకాలి లోతు బురదలో నిలబడి, గాట్లు పెట్టిన గెడతో లోతు కొలుస్తూ, ఎంత నీటిలో ఏ గడ్డి బతుకుతుందో, ఏ నెలలో ఏ చేప గుడ్లు పెడుతుందో తాటాకుల మీద రాసుకునేది. ఆమె ఎందుకు పెళ్ళి చేసుకోలేదో ఊరికి తెలుసు. ఊరికి ఏడు కారణాలు తెలుసు.

"ఏడేళ్ళు పడుతుంది ప్రభూ," అంది ఆమె. "ఇద్దరు కూలీలు, ఒక దోనె, మా ముగ్గురికీ తిండిగింజలు కావాలి."

"ఏడేళ్ళా?" అన్నాడు రాజు. "పొరుగు రాజుతో యుద్ధమే మూడు నెలల్లో ముగించాను."

"యుద్ధానికి వేళ్ళు పట్టక్కర్లేదు కదండీ."

సభ రాజు వైపు చూసింది. రాజు నవ్వాక అందరూ నవ్వారు. గింజలు ఇస్తానన్నాడు. కానీ ఏడేళ్ళకూ ఒకేసారి కాదు, ఏ ఏటికి ఆ ఏడే, పళ్ళెం చూశాక.

ఆ పళ్ళెం సంగతి చెప్పాలి. ఆ రాజ్యంలో ఏ పనైనా ఇత్తడి పళ్ళెంలో రాజు ముందుకు రావాలి. ఏటా ఆషాఢంలో పళ్ళేల సభ జరిగేది. రైతు ఒక నారుకట్ట, సాలె ఒక మూర బట్ట, చెప్పులు కుట్టేవాడు ఒక కాలి చెప్పు తెచ్చేవాళ్ళు. పళ్ళెంలోకి వచ్చింది ఉన్నట్టు, రానిది లేనట్టు. పళ్ళెం బోర్లిస్తే ఆ పని అంతటితో సరి. కొత్త కోడలు వండిన మొదటి కూర కూడా అత్తగారి ముందుకు పళ్ళెంలోనే వెళ్ళేది గానీ, అది రాజాజ్ఞ కాదు, అంతకంటే గట్టిది.

ఈ పళ్ళేలన్నిటినీ మోయడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. అందరూ పళ్ళేలాయన అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన సభా పళ్ళేన్ని ఒక్కసారి కూడా నేల మీద పెట్టలేదు. స్నానం కూడా ఒంటిచేత్తో చేస్తాడని చెప్పుకునేవాళ్ళు. చెడ్డవాడు కాదు. పళ్ళెం ఖాళీగా కనిపిస్తే రాజు తన వైపు చూస్తాడని భయం, అంతే. రాజుకూ అలాంటి భయమే ఉండేది. గింజలు ఏమయ్యాయని జనం తన వైపు చూస్తారని. జనం ఎవరి వైపు చూడాలో తెలియక ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. మొత్తానికి రాజ్యం అలా నడిచేది.

మొదటి ఏడు బురదావిడ నాటింది. సరస్సులో వాగు కలిసే చోట పాత దోనె ఒకటి మునిగి ఉంది. దాని వెనక అల తగలని మూలలో మొదటి మడి పెట్టి, అక్కడి నుంచి ఒడ్డు వెంబడి చుట్టూ నాటుకుంటూ వెళ్ళింది. నాటిన తుంగ ముందు కిందికి పెరుగుతుంది. పైనుంచి చూసేవాడికి చచ్చినట్టే ఉంటుంది. ఊరివాళ్ళు పైనుంచే చూశారు. "ఎండుగడ్డి పాతిపెడుతోంది పాపం," అని జాలిపడి, ఎనిమిదో కారణం కనిపెట్టారు.

ఆషాఢంలో పళ్ళేలాయన వచ్చాడు.

"అమ్మా, వేళ్ళు పట్టాయా?"

"పట్టాయి అయ్యగారూ."

"ఏవీ?"

"కింద ఉన్నాయి."

"కింద ఉంటే రాజుగారికి ఎలా కనిపిస్తాయమ్మా?"

"ఆయన్నే వచ్చి చూడమనండి."

"రాజుగారు రారు. పళ్ళెం వెళ్తుంది," అన్నాడు పళ్ళేలాయన, తప్పు తనదే అన్నట్టు నెమ్మదిగా. "ఒక్క పళ్ళెమే కదమ్మా. ఎంత పోతుంది?"

ఆమె ఒడ్డు మధ్యలో ఒక పళ్ళేనికి సరిపడా తుంగను తవ్వి, బురద కడిగి ఇచ్చింది. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. జానెడు వేళ్ళు, తెల్లగా ఉన్నాయి. రాణి, ఇంత తెల్లటి వేళ్ళు తానెప్పుడూ చూడలేదంది. ఒక మంత్రి, ఇవి పప్పులో వేస్తారా అని అడిగాడు. సభ అయ్యాక తుంగను ఏనుగుకు వేశారు. ఏ ప్రశ్నా అడగకుండా తీసుకున్నది అదొక్కటే.

గింజలు వచ్చాయి. కానీ తుంగ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడే జాతి. మధ్యలో ఒకళ్ళను సభకు పిలుచుకుపోతే, ఆ సందులోంచి అల దూరింది. నెల తిరగకుండా ఒడ్డు వెంబడి నాటినదంతా తేలి కొట్టుకుపోయింది. దోనె వెనక మడి ఒక్కటే మిగిలింది.

ఆమె మళ్ళీ నాటింది.

జాలరిపేటలో ఇంకా తాళం పడని ఇల్లు ఒక ముసలి జాలరిది. ఇద్దరు కొడుకులూ సముద్రం ఒడ్డుకు పోయారు. ఆయన పోలేదు. అక్కడి ఇసక కాలి కింద నిలవదని అనేవాడు గానీ, నిజానికి కోడళ్ళు ఇద్దరూ రమ్మనలేదు. చేపలు పట్టే వెదురు మావులను అలవాటు కొద్దీ నీళ్ళలో వేసి, అలవాటు కొద్దీ ఖాళీగా తీసేవాడు. మధ్యమధ్య వచ్చి బురదావిడకు దోనె పట్టేవాడు.

రెండో ఏడు పళ్ళేలాయన ఒడ్డంతా చూసి, చూపు దోనె వెనక నిలిపాడు.

"అక్కడ పచ్చగా ఉందే. అది తవ్వుదామా?"

ముసలాయన అడ్డం వచ్చాడు. "అయ్యా, అక్కడ నా పాత వల మునిగి ఉంది. కాలు పెడితే మీరు, మీ పళ్ళెం, ఇద్దరూ దొరకరు."

వలా లేదు, గిలా లేదు. అబద్ధం ఆడింది ముసలాయన, మూడు రోజులు అన్నం సహించనిది బురదావిడకు.

పళ్ళెంలోకి కొత్తగా నాటిన తుంగే వెళ్ళింది. రాజు ముఖం చిట్లించాడు.

"నిరుడూ జానెడే, ఈ ఏడూ జానెడే. ఏం పెరిగింది?"

"నిరుటిది పీకాం కదా ప్రభూ," అంది వెంట వెళ్ళిన బురదావిడ.

"పీకింది సరే. పెరిగింది ఏదీ అంటున్నాను."

ఆ సభకే రాళ్ళాయన కూడా వచ్చాడు. సరస్సు చుట్టూ రాతిగోడ కడతానన్నాడు. నమూనాగా కొంచెం కట్టాను చూడమని, పళ్ళెంలో ఒక రాయి పెట్టి తెచ్చాడు. నున్నటి రాయి. ఆ మరుసటి ఏడు రెండు రాళ్ళు తెచ్చాడు. రెండు ఒకటి కంటే ఎక్కువ కనక, పని పెరిగినట్టు అందరికీ తెలిసింది.

ఆ మూడో ఏడు బురదావిడ దగ్గరి నుంచి తొమ్మిది పళ్ళేలు వెళ్ళాయి. ఒక చోటి తుంగ చూపిస్తే మిగతా చోట్ల ఉన్నట్టు రుజువేమిటని ఒక మంత్రి అడిగాడు. పప్పు మంత్రే. తొమ్మిది చోట్ల తవ్వాక ఇక తవ్వడానికి చోటు లేదు. తొమ్మిది పళ్ళేల్లోనూ జానెడు వేళ్ళే ఉన్నాయి. ఏనుగు ఒళ్ళు చేసింది.

రాజు అన్నాడు, "అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ వచ్చే ఏడు మూరెడు వేరు ఈ పళ్ళెంలో కనిపించకపోతే, సరస్సు చుట్టూ గోడ కట్టిస్తాను. నీటి వరకూ రాయే. ఇక నాటడానికి బురద ఉండదు."

గింజలు సగం చేశారు. కూలీలు ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయి, రాళ్ళాయన దగ్గర చేరారు. వాళ్ళను తప్పుపట్టకూడదు. ఆకలికి ఏడేళ్ళ లెక్క తెలియదు.

నాలుగో ఆషాఢం వచ్చింది. పళ్ళేలాయన రాబోయే రోజు పొద్దున బురదావిడ, ముసలాయన దోనె వెనక మడి దగ్గర నిలబడ్డారు. తుంగ ఆమె భుజాల దాకా ఉంది. అడుగున మూరెడు కాదు, రెండు మూరల వేళ్ళు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయని ఆమెకు తెలుసు.

"పీకెయ్ చెల్లెమ్మా," అన్నాడు ముసలాయన. "మూరెడు అడిగారు, రెండు మూరలు చూపించు. గింజలు ఇస్తారు, గోడ ఆపేస్తారు. మళ్ళీ నాటుకుందాం."

"మళ్ళీ ఏటికి మూడు మూరలు అడిగితే, అన్నా?"

"అప్పటికి నేను ఉండనులే. నువ్వే చెప్పుకో."

ఆమె పార ఎత్తింది. తుంగ మొదట్లో నీళ్ళు కదిలాయి. చేతిని పెడితే గీతలు కనిపించేంత తేటగా ఉన్నాయి అక్కడి నీళ్ళు. ఎర్రగా, పిడికెడు కుంకుమ నీళ్ళలో వేసినట్టు, కొర్రమీను పిల్లలు వందలకు వందలు ఒక్క గుంపుగా తేలాయి. కింద తల్లి చేప నల్లగా నిలబడి, పార వైపు చూస్తోంది.

ముసలాయన పన్నెండేళ్ళ తర్వాత చూశాడు ఆ ఎరుపును. ముక్కు చీది, కంట్లో నలుసు పడిందన్నాడు. ఆ రోజు గాలి లేదు.

ఆమె పార దించేసింది.

పళ్ళేలాయన వచ్చాడు. "ఏదమ్మా?"

"ఏమీ లేదు అయ్యగారూ. ఖాళీదే పట్టుకెళ్దాం. నేనూ వస్తాను."

ఖాళీ పళ్ళెం ఎంత బరువు ఉంటుందో పళ్ళేలాయనకు ఆ రోజు తెలిసింది. దారి పొడుగునా చేతులు మార్చుకుంటూనే ఉన్నాడు.

సభలో రాళ్ళాయన మూడు రాళ్ళతో ముందే సిద్ధంగా ఉన్నాడు. ఖాళీ పళ్ళెం చూసి అందరూ మెడలు చాపారు.

"బోర్లించెయ్ మరి," అన్నాడు రాజు. గొంతులో కోపం లేదు, కొంచెం దిగులు ఉంది.

"బోర్లించను ప్రభూ. వేళ్ళు ఉన్నాయి."

"ఉంటే తేవాలి కదమ్మా."

"తెస్తే ఉండవు."

పప్పు మంత్రి ముందు నవ్వాడు. మిగతావాళ్ళు అతని కంటే వెనకబడకుండా నవ్వారు. రాజు నవ్వలేదు.

"అయితే నేను నమ్మేదెలా?"

"మూడేళ్ళుగా తుంగ మీ దగ్గరికి వచ్చింది. ఒక్కసారి మీరు దాని దగ్గరికి రండి. పళ్ళేన్ని కూడా తీసుకురండి, దానికీ దారి తెలుస్తుంది."

రాజు లేచాడు. మహా వివేకంతో లేచాడని తర్వాత కవి రాశాడు. నిజానికి ఆ రోజు సభలో ఉక్కగా ఉంది.

సరస్సు దగ్గర రాళ్ళాయన పరుగున ముందుకు వచ్చి, "ముందు నా గోడ మీదికి వేంచేయండి ప్రభూ," అన్నాడు. ఒడ్డున యాభై బారల గోడ కట్టి ఉంది. నున్నగా, చక్కగా ఉంది. రాజు దాని మీద నిలబడి సరస్సును చూశాడు. పుట్టాక మొదటిసారి చూశాడు; అంతకు ముందు దాన్ని పళ్ళేల్లో మాత్రమే చూసి ఉన్నాడు. ఇంతలో ఒక అల వచ్చి గోడ అడుగున తగిలింది. నీళ్ళు కింది మట్టిని ఎప్పుడో తోడేశాయి. గోడ, నిద్రలో పక్కకు ఒత్తిగిలే మనిషిలా, నింపాదిగా ఒరిగింది.

రాజు దూకాడు. బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఆయన్ను పట్టుకుందామని దూకిన పళ్ళేలాయన నడుము దాకా దిగబడ్డాడు. పళ్ళెం మాత్రం నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పప్పు మంత్రి ఒడ్డునే నిలబడి, లోతు ఎంత ఉంటుందో అంచనా వేస్తున్నాడు.

"ప్రభూ, ఇటు," అని గెడ అందించింది బురదావిడ. "నాలుగు అడుగులు. దోనె వెనక్కి."

రాజు గెడ పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ నాలుగు అడుగులు వేశాడు. మూడు అడుగులకూ దిగబడ్డాడు. నాలుగోది తుంగలో పడింది. దిగబడలేదు.

ఆయన రెండో కాలు కూడా పెట్టాడు. ఊగి చూశాడు. కింద నేల చాపలా కొంచెం అణిగి, మళ్ళీ లేచింది. అల వచ్చింది. తుంగలోకి అలగా వచ్చి, తడిగా వెళ్ళిపోయింది. ఆయన కాళ్ళ దగ్గర ఎర్రటి గుంపు ఒకటి తేలి, విడిపోయి, మళ్ళీ కలిసింది. కిరీటం కొంచెం పక్కకు జరిగి ఉంది. సర్దుకోలేదు.

బురదలోంచి పళ్ళేలాయన అడిగాడు, "ప్రభూ, వేళ్ళు చూశారా? రాసుకోవాలి."

"చూడలేదు."

"మరి ఏమని రాయమంటారు?"

"నిలబడ్డానని రాయి."

పళ్ళేలాయన రాయలేకపోయాడు. గుండెల దాకా దిగబడ్డాడు అప్పటికి. ముసలి జాలరి దోనె తీసుకుని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"చెయ్యి ఇవ్వండి అయ్యా."

పళ్ళేలాయన ఒక చెయ్యి ఇచ్చాడు.

"రెండూ కావాలి. ఒంటిచేత్తో రారు మీరు."

"పళ్ళెం..."

"పళ్ళెం వదిలితేనే అయ్యా. ముప్పై ఏళ్ళు మోశారు, అది మిమ్మల్ని ఒక్కరోజు మోస్తుందేమో చూద్దామంటే, అదీ మునిగే రకమే."

పళ్ళేలాయన పళ్ళెం వైపు చూశాడు. ముసలాయన వైపు చూశాడు. బురద మెడకు తగిలింది. అప్పుడు వదిలాడు. పళ్ళెం గిరగిరా తిరుగుతూ వెళ్ళి తుంగలో ఎక్కడో పడింది. ఆ హడావుడిలో దాన్ని ఎవరూ వెతకలేదు.

రాజు గింజలు మిగతా మూడేళ్ళకూ ఒకేసారి పోయించాడని కొందరు, ఏడేళ్ళూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి పోయించాడని కొందరు అంటారు. కూలీలు ఇద్దరూ తిరిగి వచ్చి, తాము ఎప్పుడూ వెళ్ళనట్టే పనిలోకి దిగారన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు. ఒరిగిన గోడ రాళ్ళ మీద ఊరివాళ్ళు సాయంత్రాలు కూర్చుని, తుంగ నాటించమని రాజుకు సలహా ఇచ్చింది తామేనని చెప్పుకునేవాళ్ళు.

మరుసటి ఆషాఢంలో పళ్ళేల సభ దగ్గర పడింది. సభకు ఒక పళ్ళెం తక్కువైంది. పళ్ళేలాయన దాన్ని తీసుకువెళ్ళడానికి ఒక్కడే వచ్చాడు. బురదావిడ దోనెలో ఎక్కించుకుని, తుంగ మధ్యకు తీసుకువెళ్ళి చూపించింది.

పళ్ళెం అక్కడే ఉంది. నాలుగు వైపులా తుంగ దాన్ని ఎత్తి పట్టుకుని ఉంది. అందులో ఎండు జమ్ము ఆకులు పరిచి, ఒక నీటికోడి ఆరు గుడ్లు పెట్టి పొదుగుతోంది. దగ్గరికి వచ్చిన మనిషిని చూసి కదలలేదు. మరో చోటికి పోయే ఉద్దేశం దానికి లేదు.

"పట్టుకెళ్ళండి అయ్యగారూ," అంది బురదావిడ. ముఖంలో ఏ భావమూ లేదు. "ఈసారి ఖాళీగా లేదు కదా."

పళ్ళేలాయన చెయ్యి చాపాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. సభ, చప్పట్లు, రాణి మాట, మంత్రి ప్రశ్న అన్నీ ఆయన కళ్ళ ముందు కదిలాయి. ఏనుగు కూడా కదిలింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దోనెలో కూర్చుని, నడుముకు దోపిన పుస్తకం తీసి, ఆ ఏటి పద్దులో ఒక మాట రాసుకున్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ నగరానికి నడిచి వెళ్ళిపోయాడు.

సభలో రాజు అడిగితే, ఆ మాటే చదివి వినిపించాడు.

"పళ్ళెం పనిలో ఉంది."